పులిజూదం

పులిజూదం ఇద్దరు ఆడే గ్రామీణ క్రీడ. దీనిని పులి-మేక ఆట అని కూడా వ్యవహరిస్తారు. పేరులో జూదమున్నా పందెం తప్పనిసరి కాదు. ఆంధ్ర, తెలంగాణ పల్లెలన్నిటివలెనే గురజాల, మాచర్ల గల పల్నాటి సీమలోనూ ఇది పరిచితమైన ఆట. తమిళనాడులో దీనిని ఆడు పులి ఆట్టం అంటారు.

చదరంగంలో ఇరుపక్షాల బలం సమానం. పులిజూదంలో అట్లు కాదు. ఒకవైపు 3 పులులు, మరొకవైపు 15 మేకలు ఉంటాయి. పులి మేకను చంపగలదు; మేక దేనినీ చంపలేదు. అయినను మేకలు కట్టుగా నిలిచి పులులను కదలకుండా బంధించి గెలువవచ్చును.

ఆట పటము

శిఖరం నుండి నాలుగు గీతలు దిగువకు విచ్చుకొని అడుగు గీతను తాకుతాయి. మధ్యలో మూడు అడ్డగీతలు వాటిని ఖండిస్తూ ఇరుప్రక్కలకు పొడుచుకొని వస్తాయి. ఆ అడ్డగీతల కొనలను నిలువుగీతలతో కలుపుతారు. శిఖరం 1, అడ్డగీతలపై ఆరేసి చొప్పున 18, అడుగున 4, వెరసి 23 స్థానాలు ఏర్పడుతాయి.

పటమును సుద్దతోనో బొగ్గుతోనో అరుగు మీద గీస్తారు. నాపరాళ్ళు పరచిన పల్నాటి అరుగులు ఇందుకు అనువైనవి. గులకరాళ్ళు పులులుగా, చింతపిక్కలు మేకలుగా పనికివస్తాయి. దక్షిణ భారతదేశంలోని పలు ఆలయ మండపాల రాతినేలపై ఇటువంటి ఆట పటాలు చెక్కబడి ఉన్నాయి. హంపి శిథిలాలలోనూ వీటిని చూడవచ్చును.

ఆడు విధానము

సాధారణంగా ఒక పులిని శిఖరాన, రెండింటిని మొదటి అడ్డగీత నడిమి స్థానాలలో ఉంచి ఆట మొదలుపెడతారు. మేకల ఆటగాడు ఎత్తుకు ఒక మేకను ఖాళీ స్థానంలో పెడతాడు. ప్రతి మేక తరువాత ఒక పులి కదులుతుంది. 15 మేకలూ పటమెక్కిన పిదపనే మేకలు కదలాలి. పులి గానీ మేక గానీ గీత వెంట ప్రక్క ఖాళీకి మాత్రమే జరుగుతుంది. ప్రక్కనున్న మేకకు ఆవల అదే గీతపై ఖాళీ ఉంటే పులి దానిని దాటి చంపుతుంది. వరుసగా నిలిచిన రెండు మేకలను దాటరాదు. ఎన్ని మేకలు చస్తే పులులు గెలిచినట్లో ఆటకు ముందే ఒప్పుకుంటారు. ఈ నియమాలు ఊరూరికీ కొంత మారుతుంటాయి.

మేకల వ్యూహము

అడ్డగీతల చట్రానికి నాలుగు మూలలు, అడుగు గీతకు రెండు కొనలు ఉన్నాయి. ఈ ఆరు చోట్ల ఏ గీతయూ సూటిగా దాటి పోదు. కనుక అక్కడ నిలిచిన మేకను పులి చంపజాలదు. అనుభవజ్ఞులు తొలి మేకలను ఈ మూలలలో పెట్టి, అంచుల వెంట నడిమికి వస్తారు. తొందరపడి మధ్యలో ఒంటరిగా పెట్టిన మేక దక్కదు. రెండేసి మేకలు ఒకదాని వెనుక ఒకటి నిలిస్తే ఆ గీత వెంట రెండూ క్షేమం.

మూలలో ఉన్న పులిని బంధించుటకు ప్రక్కన 2, వాటి వెనుక 2, మొత్తం 4 మేకలు చాలును. శిఖరాన ఉన్న పులికి 8 కావలెను. అందుచేత పులిని మూలకు నెట్టుటే మేకల ఆటకు కీలకము. మూడు పులులూ వేర్వేరు మూలలలో చిక్కినను 12 మేకలకు మించి అక్కరలేదు. కానీ పులులు తమంతట మూలకు పోవు. ఒక్కొక్క మేక చచ్చిన కొలదీ పులులకు ఒక ఖాళీ పెరుగుతుంది, తరిమే బలం తగ్గుతుంది.

అన్ని మేకలూ దిగిన తరువాత మిగిలే ఖాళీలు 5 మాత్రమే. అప్పుడు ప్రతి ఎత్తుకూ ఏదో ఒక మేకను కదపక తప్పదు. కదిపిన మేక తన వెనుకటి మేకను విడిచిపోవచ్చు. కట్టు చెడకుండా కదపగల ఒక మేకను ముందుగానే మిగుల్చుకొనకపోతే, గెలిచే ఆట చివరి ఎత్తులలో చేజారుతుంది.

ఇతర ప్రాంతాలలో

నేపాల్ దేశపు బాఘ్ చాల్ ఆటలో 25 స్థానాలపై 4 పులులు, 20 మేకలు ఉంటాయి. ఐరోపాలో ఒక నక్కను బాతుల గుంపు చుట్టుముట్టే ఆట ఉన్నది. బలవంతులు కొద్దిమంది, బలహీనులు పెక్కుమంది అన్న సూత్రం అన్నింటా ఒకటే.

ఇవి కూడా చూడండి

* చదరంగం
* వామనగుంటలు
* అష్టాచెమ్మా
* పల్నాటి యుద్ధం