పాత కలప: చేవ, పరీక్ష

నౌకలు కాలము తీరినను వాటి కలప నిరుపయోగము కాదని 1924లో లండను నగరమున నిర్మింపబడిన లిబర్టీ భవనము నిరూపించుచున్నది. హిందుస్థాన్, ఇంప్రెగ్నబుల్ అను రెండు యుద్ధనౌకలను విడదీయగా వచ్చిన కలప అందు వినియోగింపబడినది. 1817లో బొంబాయిలో వాడియాలు టేకుతో నిర్మించిన ట్రింకోమలీ నౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవున నేటికిని తేలుచున్నది.

కావున వయస్సొక్కటే దౌర్బల్యహేతువు కాదు. పుచ్చు, చెద, మేకుల రంధ్రములు, పగుళ్లు, ఏటవాలు నార కలప బలమును హరించును. 1906లో డెహ్రాడూనులో స్థాపింపబడిన అటవీ పరిశోధన సంస్థ టేకు గుణములను 100గా గ్రహించి తక్కిన జాతులను పోల్చినది. కాని అట్టి అంకెలు దోషరహితమైన చిన్న నమూనాలను పరీక్షించి కట్టినవి. పాత దూలమును సుత్తితో తట్టి, ఉలితో గుచ్చి, బరువుంచి వంపు కొలిచిన పిదపనే పైకెత్తవలెను. దాని క్రింద నిదురించునది ఒక కుటుంబము.