బిస్కెట్: ‘రెండుసార్లు కాల్చినది’ అన్న అర్థం ఎక్కడికి పోయింది?

విశాఖపట్నం, విజయవాడ మీదుగా సాగే కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు ఉత్తరాన చివరి స్టేషన్ షాలిమార్. కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉంటుంది. ఈ ప్రాంతంలో టీతోపాటు అడిగే ‘బిస్కుట్’ తెలుగువారికి కొత్త మాటేమీ కాదు. మనకు అది బిస్కెట్. పాతతరం వారికి బిస్కత్తు.

ఈ పదానికి మూలం లాటిన్‌లో ఉంది. ‘బిస్’ అంటే రెండుమార్లు, ‘కోక్టస్’ అంటే వండినది. ప్రాచీన ఫ్రెంచి మీదుగా ఇది 14వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి చేరింది. 16 నుంచి 18వ శతాబ్దం వరకు ఇంగ్లిషువారు దీనిని ఉచ్చారణకు తగ్గట్టు ‘బిస్కెట్’ అనే రాసేవారు. తరువాత ఫ్రెంచి వర్ణక్రమం స్థిరపడింది గాని, ఉచ్చారణ మారలేదు.

రెండుసార్లు ఎందుకు?

ఒకసారి కాల్చిన రొట్టెలో తేమ మిగులుతుంది. కొద్దిరోజులకే బూజు పడుతుంది. తక్కువ వేడిలో మళ్లీ ఆరబెడితే నెలల తరబడి నిలుస్తుంది. సుదీర్ఘ సముద్రయానాల్లో నావికులకు ఇదే ఆధారం. 1755 నాటి నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ సైతం బిస్కెట్‌ను ఓడ ప్రయాణానికి చేసే గట్టి, పొడి రొట్టెగానే నిర్వచించారు.

ధిక్కారానికి గుర్తుగా

వలస పాలన కాలంలో ఈ తినుబండారం బెంగాల్‌లో వివాదాస్పదమైంది. ఇతరులు చేసిన బేకరీ పదార్థాలు తినడం కులాచారానికి విరుద్ధమని సంప్రదాయ హిందూ కుటుంబాలు భావించేవి. 19వ శతాబ్దం మధ్యలో బ్రహ్మసమాజంలో చేరిన రాజ్‌నారాయణ్ బసు, కులభేదాలను పాటించబోమని చాటేందుకు ఆ సందర్భంలో బిస్కెట్లు, షెర్రీ మద్యం స్వీకరించినట్లు తన ఆత్మకథలో రాశారు. 1892లో అదే కలకత్తాలో 295 రూపాయల పెట్టుబడితో మొదలైన బిస్కెట్ల తయారీయే తరువాత బ్రిటానియా సంస్థగా ఎదిగింది.

పేరు ఒకచోట, పద్ధతి మరోచోట

నేటి బిస్కెట్లను సాధారణంగా ఒక్కసారే కాలుస్తారు. అమెరికాలోనైతే ఈ పేరుతో పిలిచేది మెత్తని చిన్న రొట్టెను. రెండుమార్లు కాల్చే పాత పద్ధతి ఇప్పుడు రస్కులో కనిపిస్తుంది. అయితే ‘రస్క్’ అన్న పేరుకు కాల్చడంతో సంబంధం లేదు. మెలితిప్పిన రొట్టెను సూచించే స్పానిష్, పోర్చుగీసు పదం ‘రోస్కా’ నుంచి అది వచ్చింది. జర్మన్ ‘త్స్వీబాక్’ మాత్రం నేటికీ పేరులోనూ, తయారీలోనూ రెండుసార్లు కాల్చినదే. బెంగాల్ టీ దుకాణాల్లో రస్కును ‘టోస్ట్ బిస్కుట్’ అంటారు. అసలు అర్థం ప్రకారం బిస్కెట్ అన్న పేరు చెల్లేది దానికే.