కండరానికి ఇంధనం ఏది? – ఒక తెలుగు వైద్యుని అన్వేషణ

హైదరాబాదు నుంచి కర్నూలు వైపు 44వ జాతీయ రహదారిపై ప్రయాణించేవారికి కృష్ణా నది దాటగానే బీచుపల్లి ఎదురవుతుంది. ఆవలి ఒడ్డు వనపర్తి జిల్లా, ఈవలి ఒడ్డు జోగులాంబ గద్వాల జిల్లా. నది ఒడ్డునే ఆంజనేయస్వామి కొలువై ఉన్నాడు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగినప్పుడు ఇక్కడి ఘాట్లలో లక్షలాది మంది స్నానమాచరించారు. బలానికి అధిదేవతగా మనం కొలిచే స్వామి సన్నిధిలో బలాన్ని గురించే ఒక ప్రశ్న వేసుకుందాం. వంతెన లేని రోజుల్లో ఈ నదిని పుట్టిలో దాటించిన మనిషి తెడ్డు వేసిన ప్రతిసారీ అతని భుజంలో ఖర్చయింది ఏమిటి? అది ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్న ఈ ప్రాంతానికి కొత్తది కాదు. పాలమూరు కూలీల పేరు వినని వారు మన రాష్ట్రాలలో తక్కువ. గుంపు మేస్త్రీ వెంట ఊళ్ళు విడిచి వెళ్ళి దేశంలోని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు, రహదారులకు మట్టి మోసినవారు వారు. వారికి ఉన్న ఆస్తి ఒక్కటే, కండబలం. ఆ కండబలానికి మూలమైన రసాయన రహస్యాన్ని ఛేదించిన కొద్దిమందిలో ఒకరు మన తెలుగువాడే కావడం విశేషం. ఆయన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

కండరమంటే ఏమిటి?

చరిత్రలోకి వెళ్ళేముందు కండర నిర్మాణాన్ని క్లుప్తంగా తెలుసుకోవడం అవసరం. మన శరీరంలో మూడు రకాల కండరాలున్నాయి. ఎముకలను అంటిపెట్టుకొని మన ఇష్టానుసారం పనిచేసేవి అస్థి కండరాలు. ఇవి ఆరు వందలకు పైగా ఉన్నాయి. సాధారణ ఆరోగ్యం గల వయోజనుని బరువులో సుమారు 40 శాతం వీటిదే. రెండవది హృదయ కండరం. ఇది మన ఆజ్ఞ కోసం ఎదురుచూడక రోజుకు సుమారు లక్షసార్లు ముడుచుకొని సడలుతుంది. మూడవది పేగులు, రక్తనాళాలు, మూత్రాశయం, గర్భాశయం వంటి అవయవాల గోడలలో ఉండే నునుపు కండరం. ఇది నెమ్మదిగా, అలసట లేకుండా పనిచేస్తుంది.

అస్థి కండరాన్ని కొబ్బరిపీచుతో పేనిన మోకుతో పోల్చవచ్చు. మోకులో పురులు ఉన్నట్లే కండరంలో తంతువుల కట్టలుంటాయి. ఒక్కో తంతువు ఒక పొడవైన కణం. ఆ కణంలో మరింత సన్నని పోగులు, ఆ పోగులలో వరుసగా పేర్చిన సార్కోమియర్లు ఉంటాయి. ఒక మిల్లీమీటరు పొడవులో ఇటువంటివి సుమారు 400 ఇమిడిపోతాయి. సార్కోమియర్ లోపల లావుపాటి మయోసిన్ పోగులు, సన్నని ఆక్టిన్ పోగులు ఒకదాని మధ్య ఒకటి అమరి ఉంటాయి. సూక్ష్మదర్శినిలో కనిపించే అడ్డచారలు ఈ అమరిక వల్ల ఏర్పడినవే. ఈ చివరి సంగతి తెలియడానికి మాత్రం 20వ శతాబ్దం సగం గడవవలసి వచ్చింది.

కప్పకాలు నేర్పిన పాఠాలు

ఇటలీలో లుయీజీ గాల్వానీ 1791లో ప్రచురించిన పరిశోధన ఈ చరిత్రలో తొలి మైలురాళ్ళలో ఒకటి. చచ్చిన కప్ప కాలి నాడికి విద్యుత్తు తగిలితే కండరం ఎగిరిపడుతుందని ఆయన చూపాడు. కండరాన్ని కదిలించే సంకేతం విద్యుత్తుతో ముడిపడి ఉందని దీనితో తెలిసింది. అయితే సంకేతం వేరు, శక్తి వేరు. మేస్త్రీ కేక వేస్తే కూలీ గంప ఎత్తుతాడు, కాని గంపను ఎత్తేది ఆ కేక కాదు.

1907లో ఇంగ్లండుకు చెందిన ఫ్లెచర్, హాప్‌కిన్స్ కప్ప కండరాలను పరీక్షించి, అలసిన కండరంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుందని, ఆక్సిజన్ అందితే తగ్గుతుందని నిరూపించారు. ఆ తరువాత ఇంగ్లండులో ఎ. వి. హిల్ కండరం వెలువరించే వేడిని కొలిచాడు, జర్మనీలో ఓటో మేయర్‌హోఫ్ లాక్టిక్ ఆమ్లపు లెక్కలు తేల్చాడు. వీరిద్దరికీ 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. చక్కెర విరిగి లాక్టిక్ ఆమ్లంగా మారడమే కండర సంకోచానికి ప్రత్యక్ష కారణమని లోకం నమ్మింది. నోబెల్ ముద్ర పడిన సిద్ధాంతాన్ని శంకించేవారు ఆనాడు అరుదు.

భీమవరం నుంచి బోస్టన్‌కు

ఈ నమ్మకం బలంగా ఉన్న రోజుల్లో సుబ్బారావు బోస్టన్ చేరాడు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన ఆయన చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి మూడవసారి గట్టెక్కాడు. ఇద్దరు సోదరులను రోగాలు బలిగొన్నాయి. తిన్నది ఒంటబట్టక శరీరం కృశించిపోయే స్ప్రూ వ్యాధి ఆయననూ పీడించింది. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించాడు. తరువాత మామగారి ఆర్థిక సాయంతో అమెరికాకు ప్రయాణమయ్యాడు.

అక్కడ వైద్యునిగా పని దొరకలేదు. పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని చేశాడు. పగలు హార్వర్డ్‌లో చదివాడు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొంది, జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే వద్ద చేరాడు.

నీలిరంగు చెప్పిన రహస్యం

ఫిస్కే, సుబ్బారావు ముందుగా చేసిన పని పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో తేలికగా కొలిచే పద్ధతిని వారు రూపొందించారు. నమూనాకు మాలిబ్డేట్ కలిపి, ఆపైన ఒక క్షయకరణి చేర్చితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. 1925లో ప్రచురితమైన ఈ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి దశాబ్దాల తరబడి ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వాడుకలో నిలిచింది. జీవరసాయన విద్యార్థులకు ఆయన పేరు నేటికీ పరిచయం కావడానికి ఇదే కారణం.

ఈ పద్ధతిని కండరానికి వర్తింపజేసినప్పుడు ఒక వింత కనిపించింది. నీలిరంగు వెంటనే రావలసినంత రాలేదు, కొంత ఆలస్యంగా చిక్కబడసాగింది. పనిలో తొందర ఉన్నవారు దీనిని పొరపాటుగా కొట్టిపారవేసేవారే. వీరు అలా వదలలేదు. కండరంలో ఫాస్ఫేట్ విడిగా లేదని, మరొకదానితో కలిసి ఉండి ఆమ్లం తగిలినప్పుడు నెమ్మదిగా విడిపోతున్నదని గ్రహించారు. ఆ మరొకటి క్రియాటిన్. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ వెలుగులోకి వచ్చింది. కండరం పనిచేస్తున్నప్పుడు అది తరిగిపోతుంది, విశ్రాంతిలో తిరిగి సమకూరుతుంది. సరిగ్గా అదే కాలంలో ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడా కండరంలో అస్థిరమైన ఒక ఫాస్ఫేట్ పదార్థాన్ని గమనించి దానికి ఫాస్ఫాజెన్ అని పేరుపెట్టారు. దానిలోని రెండవ భాగం క్రియాటిన్ అని తేల్చింది హార్వర్డ్ జంట.

1929లో మరో ముందడుగు పడింది. కండరంలో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అంటే ఏటీపీ ఉందని తెలిసింది. ఇక్కడ పాఠకులకు ఒక మాట స్పష్టం చేయాలి. ఏటీపీని సుబ్బారావు ఒక్కరే కనిపెట్టారని మన పత్రికల్లో తరచుగా చదువుతుంటాం. నిజానికి జర్మనీలో మేయర్‌హోఫ్ ప్రయోగశాలకే చెందిన కార్ల్ లోమాన్, అమెరికాలో ఫిస్కే–సుబ్బారావు జంట, కొద్దిపాటి వ్యవధిలో వేరువేరుగా దీనిని కనుగొన్నారు. లోమాన్ ప్రచురణ ముందు వచ్చింది. ఈ సత్యం చెప్పుకోవడం వల్ల సుబ్బారావు గౌరవానికి లోటేమీ రాదు. లేనిది చేర్చి పొగడవలసిన అవసరం ఆయనకు లేదు.

1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ కండరంలో లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా ఒక రసాయనంతో అడ్డుకున్నాడు. అయినా కండరం కొంతసేపు ముడుచుకుంది, ఆ పనికి తగ్గట్లే ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చయింది. దానితో పాత సిద్ధాంతం కూలిపోయింది. ఈ మార్పును 1932లో హిల్ స్వయంగా తన వ్యాసంలో విప్లవమని పిలిచాడు. తనకు నోబెల్ తెచ్చిన సిద్ధాంతం తప్పిందని ఒప్పుకున్న ఆ శాస్త్రవేత్త నిజాయితీ వైద్యులందరికీ ఆదర్శప్రాయం.

శక్తి కదలికగా మారే తీరు

మిగిలిన కథ త్వరగానే చెప్పుకోవచ్చు. 1939లో సోవియట్ శాస్త్రవేత్తలు ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా మయోసినే ఏటీపీని విడగొడుతుందని కనుగొన్నారు. 1940ల తొలినాళ్ళలో హంగేరీలో సెంట్ జార్జీ బృందం ఆక్టిన్‌ను గుర్తించింది. 1954లో హక్స్‌లీ అనే ఒకే ఇంటిపేరు గల ఇద్దరు శాస్త్రవేత్తలు తమ తమ సహచరులతో కలిసి విడివిడిగా ఒకే నిర్ణయానికి వచ్చారు. కండరం ముడుచుకునేటప్పుడు పోగులు కురచ కావు, ఒకదానిపై ఒకటి జారుతాయి. మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టుకొని లాగుతాయి, ఏటీపీ వచ్చి అతుక్కోగానే పట్టు వదలుతాయి, మళ్ళీ ముందుకు సాగి పట్టుకుంటాయి. నదిలో తెడ్డు వేసి, లాగి, పైకెత్తి, మళ్ళీ వేసినట్లే. పట్టు వదలడానికి కూడా ఏటీపీ కావాలి గనుకనే, ప్రాణం పోయిన కొన్ని గంటలకు ఏటీపీ నిండుకొని శవం కొయ్యబారుతుంది.

ఒంట్లో ఏటీపీ నిల్వ ఏ క్షణంలో చూసినా గ్రాముల్లోనే ఉంటుంది. అది ఖర్చవుతూ తిరిగి తయారవుతూ ఉంటుంది. బరువెత్తిన తొలి కొద్ది సెకన్లలో దానిని తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. ఆపైన చక్కెర, ఆ తరువాత ఆక్సిజన్ సాయంతో కొవ్వు, చక్కెర రెండూ ఆ బాధ్యత వహిస్తాయి.

మీకు ఇందులో ఉన్న ప్రయోజనం

ఈ చరిత్ర మీ రక్తపరీక్ష కాగితంలోనే ఉంది. క్రియాటినిన్ అని ఒక అంకె చూస్తారు కదా. కండరాల్లోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ నుంచి ప్రతిదినం కొద్ది భాగం క్రియాటినిన్‌గా మారి, రక్తంలో కలిసి, మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది. అందుకే ఆ అంకె మూత్రపిండాల పనితీరుకు సూచిక. అయితే అది కండను బట్టి కూడా మారుతుంది. కండ కరిగిపోయిన ముసలివారిలో మూత్రపిండాలు దెబ్బతిన్నా క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు. ‘రిపోర్టు నార్మల్’ అన్న ఒక్క మాటతో తృప్తిపడక, వయసును కూడా లెక్కగట్టిన ఈజీఎఫ్ఆర్ ఎంత అని వైద్యుని అడగండి. మరీ చిక్కిపోయినవారిలో ఆ లెక్క కూడా ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించవచ్చు. అటువంటివారికి సిస్టాటిన్ సి అనే మరో పరీక్ష ఉపకరిస్తుంది.

రెండవది, అలవాటు లేని శ్రమ తరువాత మరునాడు వచ్చే కండరాల నొప్పికి కారణం లాక్టిక్ ఆమ్లం కాదు. అది గంట రెండు గంటల్లోనే తొలగిపోతుంది. నొప్పికి కారణం తంతువుల్లో కలిగే సూక్ష్మ గాయాలు, వాటి వాపు. కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. కాని మండుటెండలో విపరీతంగా శ్రమించిన తరువాత కండరాలు తీవ్రంగా నొప్పిపెట్టి, మూత్రం డికాక్షన్ రంగులో వస్తే ఆలస్యం చేయరాదు. కండర కణాలు పగిలి వాటిలోని పదార్థాలు మూత్రపిండాలను దెబ్బతీస్తున్నాయని దాని అర్థం కావచ్చు. సీపీకే అనే పరీక్షతో ఇది తెలుస్తుంది. కూలి పనికి వెళ్ళేవారికి, కొత్తగా జిమ్‌లో చేరిన యువకులకు ఈ సంగతి తప్పక చెప్పండి.

మూడవది, వయసు మీదపడేకొద్దీ కండ తరుగుతుంది. అది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. కండ తగ్గినవారు పడిపోతారు, ఎముకలు విరుగుతాయి, మంచాన పడతారు. నడక మంచిదే గాని కండకు అదొక్కటే చాలదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, శక్తికి తగిన బరువులెత్తడం వారానికి రెండు మూడు రోజులైనా చేయాలి. మోకాళ్ళ జబ్బులు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి మొదలుపెట్టాలి. పప్పు, పాలు, పెరుగు, గుడ్డు, చేప, వీటిలో మీకు సరిపడినవి పూటపూటకూ ఉండాలి. ముసలివారికి రాత్రిపూట పలుచని మజ్జిగన్నంతో సరిపెట్టడం మన ఇళ్ళలో పరిపాటి. అది కండను మరింత కరిగిస్తుంది.

సుబ్బారావు 1940లో లెడర్లే సంస్థలో చేరాడు. అక్కడ ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ వంటివి వెలువడ్డాయి. తనను కృశింపజేసిన స్ప్రూ వ్యాధికి ఫోలిక్ ఆమ్లం చికిత్సలో భాగమైంది. బోదకాలు ప్రబలిన జిల్లాల్లో ప్రభుత్వ సిబ్బంది ఇంటింటికీ తెచ్చి మింగించే డీఈసీ మాత్ర ఆ హెట్రజానే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, ఆయన నిద్రలో కన్నుమూశాడు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఈసారి బీచుపల్లి వెళ్ళినప్పుడు ఘాటు మెట్లు దిగి, నీళ్ళు నెత్తిన చల్లుకొని, మళ్ళీ పైకి ఎక్కండి. తొలి నాలుగు మెట్లు ఎక్కించేది కండలో అప్పటికే సిద్ధంగా ఉన్న ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్. ఆ తరువాతి మెట్ల మీద ఆయాసం ఎంత వస్తున్నదో, కాళ్ళు ఎంత బరువెక్కుతున్నాయో గమనించండి. కిందటి ఏడాది కన్నా కష్టంగా ఉంటే దానిని వయసు మీదికి నెట్టివేయకండి. మీ వైద్యునితో చెప్పండి.