యూరియా బస్తాలో 60 కిలోల బొగ్గు

పత్తి మీద కొట్టడానికి బకెట్ నీళ్లలో యూరియా కలిపినప్పుడు చెయ్యి పెట్టి చూసిన్రా? నీళ్లు జిల్లుమంటయి. అదే గోడకు వేసే సున్నపు రాళ్ల మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతయి. సున్నం తన దగ్గరి వేడిని బయటికి ఇస్తది. యూరియా కరగడానికి వేడి కావాలె, దాన్ని నీళ్లలోంచే గుంజుకుంటది. వేడి కొత్తగా పుట్టదు, మాయం కాదు, చేతులు మారుతది అంతే. ఉష్ణగతిక శాస్త్రం మొదటి నియమమని ఇంటర్‌లో నేను బట్టీ కొట్టింది ఇదే. అప్పుడు మార్కుల కోసం చదివిన. మన రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ కథ ఆలోచిస్తుంటే ఇప్పుడు అర్థమైతున్నది.

ఎఫ్‌సీఐ ఎందుకు మూతపడ్డదంటే మన దగ్గర ఒక్క మాటలో తేల్చేస్తరు. పని చేసేటోళ్లు సరిగ్గ చెయ్యలే అంటరు కొందరు, సర్కారు పట్టించుకోలే అంటరు ఇంకొందరు. అందులో నిజమెంతో నేను చెప్పలేను గానీ, ఆ ఫ్యాక్టరీ నెత్తి మీద ఒక వేడి లెక్క కూడా ఉండె. దాని గురించి మాట్లాడేటోళ్లు తక్కువ.

ముందు కొంచెం వెనక్కి పోవాలె. మనం పీల్చే గాలిలో 78 పాళ్లు నత్రజనే. కానీ అందులో రెండేసి పరమాణువులు ఒకదాన్నొకటి మూడు ముడులేసి పట్టుకొని ఉంటయి, ఊరికే విడిపోవు. నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపితే అమ్మోనియా అయితది. విచిత్రం ఏందంటే ఈ చర్య వేడిని బయటికే ఇస్తది. మరి ఇచ్చేదైతే గాలిలో దానంతటదే ఎందుకు జరగదు? ఆ ముడి విప్పాలంటే మొదట గట్టి దెబ్బ పడాలె. చల్లగ ఉంచితే చర్య కదలదు. కదలాలని వేడి పెంచితే, తయారైన అమ్మోనియా ఆ వేడికే మళ్లీ విడిపోతది. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి.

దీనికి దారి చూపిన సూత్రం ఫ్రాన్స్ దేశపు లె షాట్లియే 1884లో చెప్పిండు. నాలుగు పాళ్ల వాయువు రెండు పాళ్లయితది కాబట్టి ఒత్తిడి పెంచితే అమ్మోనియా వైపే మొగ్గుతది. ఆయనే 1901లో ప్రయత్నం చేస్తే పరికరం పేలింది, ఇడిసిపెట్టిండు. 1909లో జర్మనీకి చెందిన హేబర్ గాలి ఒత్తిడికి 200 రెట్ల దాకా పెంచి, లోహపు ఉత్ప్రేరకం పెట్టి చుక్క చుక్కగా అమ్మోనియా తీసి చూపిండు. బాష్ అనే ఇంజినీరు దాన్ని ఫ్యాక్టరీ చేసిండు, 1913లో ఓపౌలో మొదలైంది. ఏడాది తిరగకముందే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. పంటకు పనికొచ్చే ఆ అమ్మోనియా నుంచే పేలుడు మందు కూడా తయారు చేసిన్రు.

సరే, నత్రజని గాలిలో దొరుకుతది. హైడ్రోజన్ ఎక్కడిది? అసలు ఖర్చంతా అక్కడే. బొగ్గు దారిలో ఎక్కువ హైడ్రోజన్ నీటి ఆవిరి నుంచే తీయాలె. నీళ్లను విడగొట్టడమంటే వేడిని మింగే పని. అందుకని బొగ్గులో కొంత భాగాన్ని ఆక్సిజన్‌తో కాల్చి, ఆ వేడితో మిగతా బొగ్గునూ ఆవిరినీ కలిపి గ్యాస్ చేస్తరు. సహజ వాయువులోనైతే ఒక్కో కర్బనం తన వెంట నాలుగు హైడ్రోజన్లను తెచ్చుకుంటది. సగం సరుకు ముందే చేతికొచ్చినట్టు.

మన ఎఫ్‌సీఐ బొగ్గు దారిది. ఒడిశాలోని తాల్చేరుదీ ఇదే పద్ధతి. 1980లో ఉత్పత్తి మొదలైంది, రోజుకు 900 టన్నుల అమ్మోనియా, 1,500 టన్నుల యూరియా చెయ్యాలని కట్టిన్రు. గని పక్కనే ఉంది కదా, బొగ్గుకు కొదువేంది అనుకున్నరు. ఆ ఆలోచన తప్పని నేననను. కాగితం మీద లెక్కేస్తే బొగ్గుకూ గ్యాస్‌కూ వేడిలో పెద్ద తేడా కూడా రాదు. తేడా అంతా దారిలో ఒలికిపోయే దాంట్లో ఉన్నది. మన బొగ్గులో బూడిద ఎక్కువ. ఆ గ్యాసిఫయర్లలో వేడికి బూడిద కరిగి కారుతది, పోతూ పోతూ వేడిని తీసుకపోతది. గాలి నుంచి ఆక్సిజన్ వేరు చెయ్యాలంటే కరెంటు కావాలె. కరెంటు చెయ్యడానికి మళ్లీ బొగ్గు. పాత థర్మల్ యూనిట్లలో కాల్చిన బొగ్గు వేడిలో సుమారు మూడో వంతే కరెంటయితది, మిగిలింది చిమ్నీలోంచి, చల్లార్చే నీళ్లలోంచి పోతది. అది ఎవరి చేతగానితనమో కాదు. వేడినంతా పనిగా మార్చే యంత్రం ఉండదని రెండో నియమం చెప్తది. పైగా కరెంటు కొరత వచ్చినప్పుడల్లా ఫ్యాక్టరీ ఆగిపోవుడు. ఇటుక బట్టీని మధ్యలో ఆర్పి మళ్లీ రాజేస్తే ఎంత పుల్ల దండుగో మీకు తెలుసు. యంత్రాల లోపాలు, అప్పులు కూడా తోడైనయి. 1999లో మూతపడ్డది.

అదే జాగాలో ఆర్‌ఎఫ్‌సీఎల్ కట్టి 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన్రు. ఈసారి బొగ్గు కాదు, పైపులో వచ్చే గ్యాస్. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యం. బొగ్గు గనుల నడుమ కూసొని దూరం నుంచి గ్యాస్ తెచ్చుకునుడు నాకైతే ఇప్పటికీ కొంచెం ఎట్లనో అనిపిస్తది. వేడి లెక్క మాత్రం అట్లనే ఉంది మరి.

ఇప్పుడు మన బస్తా దగ్గరికి వద్దాం. గ్యాస్ ఫ్యాక్టరీలో టన్ను యూరియాకు సుమారు 55 లక్షల కిలో క్యాలరీల వేడి పడుతది. 45 కిలోల బస్తాకు రెండున్నర లక్షలు. కిలోకు 4 వేల కిలో క్యాలరీలిచ్చే బొగ్గుతో పోలిస్తే 60 కిలోల పైమాటే. పొడి చెల్కలో పైపైన చల్లి వదిలేస్తే మట్టిలోని ఎంజైము దాన్ని తిరిగి అమ్మోనియాగా చేస్తది, అందులో కొంత ఎండకు గాలిలో కలిసిపోతది. ఎక్కడి గాలి నుంచి వచ్చిందో అక్కడికే. నేను ఆ తప్పు చాన ఏండ్లు చేసిన. 2025 వానకాలంలో ఒక్క బస్తా కోసం చెప్పులు లైన్ల పెట్టి పొద్దంతా నిలబడ్డంక మానుకున్న. ఇప్పుడు పదును చూసి, మొదళ్ల పక్కన వేసి మట్టి కప్పుతున్న. కూలి కొంచెం ఎక్కువైతది. మీరు ఎట్ల వేస్తున్నరో చెప్పండి.