డయాలసిస్ రికార్డు ఆన్‌లైన్‌కి: అమెరికాలో ఏం మారింది, మన కుటుంబాలు ఏం చూసుకోవాలి

కిడ్నీలు పూర్తిగా పాడైన మనిషికి సాధారణంగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయాలి. ఒక్కో విడతకు మూడు, నాలుగు గంటలు పడుతుంది. అమెరికాలో ఈ ఖర్చులో పెద్ద భాగాన్ని మెడికేర్ అనే ప్రభుత్వ బీమా భరిస్తుంది. అయితే ఆ బీమా ఏ నెల నుంచి మొదలవ్వాలి, చికిత్స సరిగ్గా సాగుతోందా లేదా అన్నవి క్లినిక్ పంపే రికార్డును బట్టే తేలతాయి. ఒకప్పుడు కాగితం మీద వెళ్లిన ఆ రికార్డు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెళ్తోంది. హైదరాబాద్, కర్నూలు, గుంటూరు నుంచి వెళ్లి షికాగో, టెక్సాస్, న్యూజెర్సీలలో స్థిరపడిన మన కుటుంబాల్లోనూ షుగర్, బీపీ వల్ల కిడ్నీలు దెబ్బతిన్న పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్ల పిల్లలకు ఈ పద్ధతి తెలిసి ఉంటే చాలా తిప్పలు తప్పుతాయి.

కిడ్నీ రోగులకు మెడికేర్ ఎలా వచ్చింది?

మెడికేర్ మొదట 65 ఏళ్లు దాటినవారి కోసం పెట్టిన పథకం. 1972 అక్టోబర్ 30న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టంతో, కిడ్నీలు పూర్తిగా పాడైనవారికి వయసుతో పని లేకుండా ఈ బీమా వర్తించింది. 1973 జూలై 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. ప్రభుత్వం డబ్బు ఇస్తున్నప్పుడు ఎంతమంది రోగులు, ఎక్కడ, ఎలాంటి చికిత్స అన్న లెక్క కావాలి కదా. అందుకని దేశాన్ని ప్రాంతాలుగా విభజించి ‘ఈఎస్‌ఆర్‌డీ నెట్‌వర్క్’ అనే సంస్థలను పెట్టారు. ఇప్పుడు ఇవి 18 ఉన్నాయి. క్లినిక్‌ల పనితీరు చూడటం, రోగుల ఫిర్యాదులు వినడం కూడా వీటి బాధ్యతే.

కాగితాల కాలం

కొత్త రోగికి డయాలసిస్ మొదలైతే క్లినిక్ 45 రోజుల్లోగా ‘సీఎంఎస్-2728’ అనే ఫారం నింపాలి. ఈ రోగికి కిడ్నీలు శాశ్వతంగా పాడయ్యాయి, డయాలసిస్ గానీ మార్పిడి గానీ తప్పదు అని డాక్టర్ ధ్రువీకరించే పత్రం ఇది. రోగికి మెడికేర్ వచ్చినా రాకపోయినా నింపాల్సిందే. రోగి చనిపోతే ‘2746’ అనే మరో ఫారం పంపాలి. ఏడాదికోసారి క్లినిక్ మొత్తం లెక్క చెప్పే ‘2744’ ఫారం ఉంటుంది.

కాగితం రోజుల్లో 2728 ప్రతి ఒకటి సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు, ఒకటి నెట్‌వర్క్‌కు వెళ్లేది, ఒకటి క్లినిక్ ఫైల్లో ఉండేది. నెట్‌వర్క్ ఆఫీసులో ఎవరో కూర్చుని దాన్ని మళ్లీ కంప్యూటర్‌లో ఎక్కించేవారు. చేతిరాత అర్థం కాకపోతే, ఒక గడి ఖాళీగా ఉంటే, ఫారం వెనక్కి వచ్చేది. ఈలోగా రోగి బీమా కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు. తర్వాత కొన్నాళ్లు కొన్ని క్లినిక్‌లలో ‘విజన్’ అనే సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్‌లలో ‘సిమ్స్’ అనే డేటాబేస్ నడిచాయి. కానీ అన్నిటినీ ఒక్కచోట చూసే వీలు లేదు.

క్రౌన్‌వెబ్ రాక

2008 ఏప్రిల్‌లో మెడికేర్ సంస్థ డయాలసిస్ క్లినిక్‌ల నిబంధనలను తిరగరాసింది. మెడికేర్ డబ్బు తీసుకునే ప్రతి క్లినిక్ రోగుల వివరాలను ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే పంపాలన్నది అందులో ఒకటి. దీని కోసం తయారైన వెబ్ వ్యవస్థ పేరు క్రౌన్‌వెబ్. 2009 ఫిబ్రవరి నుంచి కొద్ది క్లినిక్‌లతో దశలవారీగా పరీక్షించి, 2012 జూన్‌లో దేశమంతా ప్రారంభించారు. 2020లో దీన్ని ‘ఈక్యూఆర్‌ఎస్’ అనే కొత్త వ్యవస్థలో కలిపారు. పేరు మారినా పని అదే.

అందరూ ఒకే రకంగా డేటా పంపరు. వందల క్లినిక్‌లున్న పెద్ద కంపెనీలు తమ సొంత కంప్యూటర్ల నుంచి మూకుమ్మడిగా ఫైళ్లు పంపిస్తాయి. చిన్న క్లినిక్‌లలో చాలాచోట్ల ఒక నర్సో, క్లర్కో కూర్చుని ఒక్కో రోగి వివరాలు టైపు చేయాలి. రోగి పక్కన ఉండాల్సిన సమయం తెర ముందు పోతోందన్న బాధ ఈ సిబ్బందికి ఉంటుంది, అందులో న్యాయమూ ఉంది. ఇంకో సంగతి, టైపు చేసేది మనిషే కాబట్టి పొరపాటుకు ఇప్పటికీ చోటుంది. కాగితం పోయినా పొరపాటు పోలేదు.

ఏయే వివరాలు వెళ్తాయి?

మొదట రోగి గుర్తింపు: పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు, మెడికేర్ నంబరు, చిరునామా. తర్వాత కిడ్నీలు పాడవడానికి అసలు కారణం (షుగరా, బీపీనా, మరొకటా), మొదటి డయాలసిస్ తేదీ, కిడ్నీ మార్పిడి అవకాశం గురించి రోగికి చెప్పారా లేదా అన్నవి. ప్రతినెలా రక్తపరీక్షల ఫలితాలు వెళ్తాయి: హిమోగ్లోబిన్, కాల్షియం, ఫాస్ఫరస్, రక్తం ఎంత శుభ్రపడిందో చెప్పే ‘కేటీ బై వీ’ లెక్క. డయాలసిస్ చేసేది చేతిలోని ఫిస్టులా ద్వారానా, మెడ దగ్గరి క్యాథెటర్ ద్వారానా అన్నదీ రాస్తారు. క్యాథెటర్ ఎక్కువకాలం ఉంటే ఇన్ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది, అందుకే ఆ వివరం ముఖ్యం.

ఈ అంకెలను బట్టి క్లినిక్‌కు మార్కులు పడతాయి. 2012 నుంచి, తక్కువ మార్కులు వచ్చిన క్లినిక్‌కు మెడికేర్ చెల్లింపులో 2 శాతం దాకా కోత పెట్టవచ్చు. ఆ మార్కుల సర్టిఫికెట్‌ను రోగులకు కనబడేలా క్లినిక్‌లో తగిలించాలి. అమ్మీని డయాలసిస్‌కు తీసుకెళ్లినప్పుడు ఒకసారి ఆ గోడ వైపు చూడండి. మెడికేర్ వారి ‘కేర్ కంపేర్’ వెబ్‌సైట్‌లో పక్క క్లినిక్‌లతో పోల్చి చూసుకోవచ్చు కూడా.

రహస్యం ఎలా కాపాడతారు?

ఆరోగ్య సమాచారం ఒకరు మనల్ని నమ్మి ఇచ్చిన అమానత్. అమెరికాలో దీన్ని కాపాడే ప్రధాన చట్టం 1996 నాటి ‘హిపా’. ఈ వ్యవస్థలోకి వెళ్లే ప్రతి ఉద్యోగికీ సొంత ఖాతా ఉండాలి, ఒకరి పాస్‌వర్డ్ మరొకరు వాడకూడదు. ఖాతా ఇచ్చేముందు మనిషి గుర్తింపును తనిఖీ చేస్తారు. ఎవరికి ఎంతవరకు చూసే అధికారం ఉండాలో నిర్ణయించడానికి సంస్థ తరఫున ఒక భద్రతాధికారి ఉంటారు. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కో మెయిల్‌కో వచ్చే కోడ్ కూడా కొట్టాలి. మామూలు ఈమెయిల్‌లో రోగి పేరు, నంబర్లు పంపవద్దని సిబ్బందికి గట్టిగా చెబుతారు.

మెడికేర్ కార్డుల్లోనూ మార్పు వచ్చింది. పాత కార్డు మీద సోషల్ సెక్యూరిటీ నంబరే ఉండేది. 2018 ఏప్రిల్ నుంచి 11 అక్షరాలు, అంకెలు కలిసిన కొత్త నంబరుతో కార్డులు పంపారు. కానీ క్లినిక్ ఎంత జాగ్రత్తపడినా, మనమే అబ్బా మెడికేర్ కార్డు ఫోటోను ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పెడితే ఇక ఏ తాళం పనిచేయదు.

మన పేర్లతో వచ్చే చిక్కు

కొత్త రోగిని నమోదు చేసేటప్పుడు ఆ మనిషి ఇప్పటికే రికార్డుల్లో ఉన్నాడేమోనని కంప్యూటర్ వెతుకుతుంది. అన్నీ సరిపోతే పాత రికార్డుకు కలుపుతుంది. కొన్ని సరిపోయి కొన్ని సరిపోకపోతే పని అక్కడ ఆగుతుంది, ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. మన పేర్లు ఇక్కడే తడబడతాయి. ఒక కాగితంలో ‘మొహమ్మద్’, ఇంకోదాంట్లో ‘ఎండీ’. ఆంధ్ర వైపు ‘షేక్’ ఒకచోట పూర్తిగా, మరోచోట ‘ఎస్‌కే’ అని రెండక్షరాలు. ఆడవాళ్లకు ఒకదాంట్లో ‘బేగం’, ఇంకోదాంట్లో ‘బీ’, మరోదాంట్లో ఏదీ లేదు. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వస్తుంది. అంటే మొదటి పేరు తెలియదని అర్థం. అదే పేరనుకుని రాసేసేవాళ్లూ ఉంటారు. పుట్టిన తేదీ సరిగా తెలియని పెద్దవాళ్లకు జనవరి 1, జూలై 1 వేసి ఉండటం మనకు తెలిసిందే.

పరిష్కారం ఒక్కటే. సోషల్ సెక్యూరిటీ కార్డులో, మెడికేర్ కార్డులో పేరు ఏ అక్షరాలతో ఉందో క్లినిక్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అదే రాయించాలి. ఆ రెండూ కలవకపోతే ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో సరిచేయించుకోవాలి.

తేదీ తప్పితే డబ్బు తప్పుతుంది

క్లినిక్‌కు వెళ్లి డయాలసిస్ చేయించుకునేవారికి మెడికేర్ సాధారణంగా నాలుగో నెల మొదటి తేదీ నుంచి వస్తుంది. ఇంట్లోనే చేసుకునే శిక్షణలో మూడు నెలలు గడవకముందే చేరితే మొదటి నెల నుంచే రావచ్చు. ఈ లెక్కంతా 2728 ఫారంలోని మొదటి డయాలసిస్ తేదీ నుంచి మొదలవుతుంది. మొదటి డయాలసిస్ ఆసుపత్రిలో ఒక నెలాఖరున జరిగి, క్లినిక్‌లో చేరింది వచ్చే నెల అయితే, క్లినిక్ తేదీ వేస్తే ఒక నెల బీమా పోయినట్టే. ఇంట్లో ఎవరికైనా ఉద్యోగం ద్వారా బీమా ఉంటే మొదటి 30 నెలలు అదే ముందు చెల్లిస్తుంది, మెడికేర్ రెండోది అవుతుంది.

ఇంకో మాట స్పష్టంగా తెలుసుకోవాలి. ఈ మెడికేర్‌కు రోగి గానీ, భర్త లేదా భార్య గానీ అమెరికాలో తగినంతకాలం పనిచేసి పన్ను కట్టి ఉండాలి. తల్లిదండ్రుల మీద ఆధారపడిన పిల్లలకైతే తల్లిదండ్రుల పని లెక్కకొస్తుంది. కొడుకు ఉద్యోగం చేసిన కాలం సాధారణంగా తల్లికి పనికిరాదు. అమ్మీని పిలిపించుకునే ముందే ఈ సంగతి ఆలోచించుకోవాలి.

కుటుంబం చేయాల్సినవి

ఒకటి, 2728 మీద రోగి సంతకం చేసేముందు పేరు, పుట్టిన తేదీ, మొదటి డయాలసిస్ తేదీ, జబ్బు కారణం చదివి, ఒక కాపీ అడిగి ఇంట్లో పెట్టుకోండి. ఇంగ్లిష్ రాకపోతే దుబాసీని అడగండి, అది రోగి హక్కు.

రెండు, క్లినిక్ ఫారం పంపినంత మాత్రాన బీమా వచ్చేయదు. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో వేరుగా దరఖాస్తు చేయాలి.

మూడు, హిపా చట్టం ప్రకారం మీ రికార్డు కాపీ అడిగితే సాధారణంగా 30 రోజుల్లో ఇవ్వాలి. తప్పుంటే సరిచేయమని రాసి ఇస్తే 60 రోజుల్లో జవాబు చెప్పాలి.

నాలుగు, వేరే ఊరికి పెళ్లికో, ఈద్‌కో వెళ్తుంటే ముందుగానే చెప్పండి. అక్కడి క్లినిక్‌లో తాత్కాలిక రోగిగా రాయించుకుని, హెపటైటిస్ బీ రిపోర్టుతో సహా కాగితాలు ముందే పంపించాలి. ఉమ్రాకో, హైదరాబాద్‌కో వెళ్తే మాత్రం అక్కడి డయాలసిస్‌కు మెడికేర్ సాధారణంగా చెల్లించదు.

ఐదు, క్లినిక్ వినకపోతే మీ ప్రాంతపు ఈఎస్‌ఆర్‌డీ నెట్‌వర్క్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దాని ఫోన్ నంబరు క్లినిక్‌లోనే కనబడేలా ఉంటుంది.

మన దేశంలో

ఇక్కడా దారి అటే ఉంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచితంగా డయాలసిస్ చేస్తున్నారు. ఆ రోగుల వివరాలను ఒకే జాతీయ పోర్టల్‌లో నమోదు చేసి, దేశంలో ఎక్కడికి వెళ్లినా డయాలసిస్ అందేలా చూడాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. 14 అంకెల ‘ఆభా’ నంబరు కూడా ఇలాంటిదే. ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ, ఆసుపత్రి పుస్తకం, వీటన్నిటిలో ఇంట్లోవాళ్ల పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో జబ్బు రాకముందే చూసుకోండి. డయాలసిస్ మొదలయ్యాక ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక రోగికి గానీ, వెంట ఉన్నవాళ్లకు గానీ ఉండదు.