హాజరు పట్టీలో మా చరిత్ర

పెనుగొండ పేరు చెప్పగానే వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి గుడి గుర్తొస్తుంది. ఈ ఊరి గురించి రాసేవాళ్లు గుడి గురించి రాస్తారు, రాజుల గురించి రాస్తారు, గోదావరి కాలవల గురించి రాస్తారు. పదో తరగతి పిల్లల గురించి రాసినవాళ్లు మాకు కనపడలేదు. అయిదేళ్లు కలిసి చదివి, గ్రూపు ఫొటో దిగి విడిపోయే పిల్లలకు చరిత్రేముంటుందని అనుకుంటారు. ఉందని మేమంటున్నాం. ఇక్కడ మేము అంటే పెనుగొండ చుట్టుపక్కల బడులకు వెళ్లిన యెరుకల, యానాది పిల్లలం, వాళ్లకు పాఠం చెప్పిన పంతుళ్లం.

మా చరిత్ర హాజరుతో మొదలవుతుంది. అది బడి హాజరు కాదు, పోలీసు హాజరు.

మా యెరుకల పెద్దలు ఒకప్పుడు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్లకు తిరిగి అమ్మేవాళ్లు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవల్లో పడవలు నడిచాయి, తర్వాత రైళ్లొచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. డెల్టాకు అన్నం పెట్టిన ఆ మార్పులే మా వర్తకాన్ని మింగేశాయి. బతుకు కోసం తిరిగేవాళ్లను తెల్లదొరలు అనుమానంగా చూశారు. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. చాలాచోట్ల యెరుకల కుటుంబాల వేలిముద్రలు తీసుకున్నారు. పేరు రిజిస్టరులో పడినవాడు చెప్పిన వేళకు స్టేషనుకు వెళ్లి కనపడాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా వెలిసిన సెటిల్‌మెంటే. మద్రాసు రాష్ట్రం 1947లో ఆ చట్టాన్ని ఎత్తేసింది. దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న.

అందుకే మా తాతల తరానికి పేరు పిలవడమంటే భయం. రిజిస్టరులో పేరెక్కించమని పంతులు అడిగితే పిల్లల్ని దాచినవాళ్లున్నారు. ఇది చదువు మీద ఇష్టం లేకపోవడం కాదు. పేరు రాయించుకున్నందుకు ఒకసారి ఏం జరిగిందో వాళ్లకు తెలుసు. అలాంటి ఇళ్ల పిల్లలు ఇప్పుడు పొద్దున్నే లేచి నిలబడి "ప్రెజెంట్ సార్" అంటున్నారు. చట్టం పోయిన డెబ్బై ఏళ్లకు, అంటే 2022లో, పదో తరగతి రాసిన పిల్లల కథ ఈ చరిత్రలో మరో మలుపు.

వాళ్లు 2017 జూన్‌లో ఆరో తరగతిలో చేరారు. ఎనిమిదో తరగతి చివర, 2020 మార్చిలో, కరోనాతో బడి మూశారు. పరీక్షలు లేకుండానే తొమ్మిదిలోకి పంపారు. 2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. 2021 ఏప్రిల్‌లో రెండో అల వచ్చి తొమ్మిదో తరగతి మళ్లీ ఆగింది. పదో తరగతి బడి 2021 ఆగస్టు 16న గానీ మొదలు కాలేదు. వాళ్లకు ముందున్న రెండు తరగతుల వాళ్లు, 2020లోనూ 2021లోనూ, పరీక్ష రాయకుండానే పాసయ్యారు. రెండేళ్ల తర్వాత పరీక్ష హాల్లో కూర్చున్నది వీళ్లే.

ఆ రెండేళ్లూ ఏం చేశారని అడిగితే పిల్లలు చెప్పేది పాఠాల గురించి కాదు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి గానీ, టీవీ లేని ఇల్లుంది, టీవీ ఉన్నా కరెంటు నిలవని పాకుంది. ఇంట్లో ఒకటే ఫోను, అది నాన్నతో పనికి పోయేది. మగపిల్లలు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉన్నారు, కోతలప్పుడు చేలల్లో ఎలకలు పట్టారు. ఆడపిల్లలు బుట్టల అల్లకంలో కూర్చున్నారు, కొందరికి పెళ్లిళ్లయిపోయాయి. మళ్లీ బడి తెరిచాక కొందరి పేర్లకు జవాబు రాలేదు. కొన్నాళ్లు పిలిచారు, తర్వాత మానేశారు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం ఏజెన్సీ ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. పెనుగొండ భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో మిగిలింది. కోట రామచంద్రపురం ఐటీడీఏ కూడా అటే వెళ్లింది. అంతకుముందు అది మాకు దగ్గరగా ఉండేదని కాదు, ఐటీడీఏ చూపు ఎప్పుడూ ఏజెన్సీ మీదే. మాది మైదానం. కానీ ఇప్పుడు మా జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు. కొండల్లో ఉన్న ఆదివాసీకి ఆశ్రమ పాఠశాల అనే మాటైనా ఉంది. కాలవ గట్టు మీదున్న ఆదివాసీ, ఆదివాసీ అని ఎవరికీ గుర్తుండడు. కులం సర్టిఫికెట్టు కోసం కాగితం పట్టుకుని తిరిగినప్పుడే అతనికైనా గుర్తొస్తుంది.

జిల్లా మారిన ఇరవై మూడు రోజులకు, ఏప్రిల్ 27న, పరీక్షలు మొదలయ్యాయి. అదే దాళ్వా కోతల కాలం. అంతకుముందు పదకొండు పేపర్లుండేవి, ఈసారి ఏడు. జూన్ 6న ఫలితాలొచ్చాయి. రాష్ట్రంలో 6,15,908 మంది రాస్తే 4,14,281 మంది పాసయ్యారు, 67.26 శాతం. 2019లో అది 94.88 శాతం. మూడేళ్లలో పిల్లలకు తెలివి తగ్గిపోయిందా? రెండేళ్లు బడి లేకపోతే ఎవరి ఇంట్లో చదువు సాగింది, ఎవరి ఇంట్లో ఆగింది అన్నదే ఆ అంకెల్లో కనపడింది. ఇంట్లో చదువుకున్న అమ్మానాన్నలున్నవాడికి బడి మూతపడినా పాఠం మూతపడలేదు. మొదటి తరం చదువరికి బడే పాఠం. తప్పినవాళ్లకు జూలైలో సప్లిమెంటరీ పెట్టి, అందులో పాసైనవాళ్లనూ రెగ్యులర్ కిందే లెక్కిస్తామన్నారు. మంచి మాటే. కానీ పరీక్ష దాకా రానివాడికి సప్లిమెంటరీ ఉండదు. శాతం లెక్కలో అతను తప్పినట్టు కూడా ఉండడు.

పదో తరగతి ఫొటోలో చివరిదాకా నిలిచినవాళ్లే ఉంటారు. పదేళ్లో, ఇరవయ్యేళ్లో పోయాక పెట్టుకునే పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి కూడా ఆ ఫొటో చూసే పిలుస్తారు. అలా అయితే ఏడులోనో తొమ్మిదిలోనో ఆగిపోయినవాడు తన తరగతి చరిత్రలోంచే జారిపోతాడు. నేస్తాలకు వాడు గుర్తుంటాడు, కాగితం మీద మాత్రం ఉండడు.

మేము అడిగేది చిన్న పని. ఏ బ్యాచ్ కలుసుకున్నా పదో తరగతి ఫొటో కాకుండా ఆరో తరగతి హాజరు పట్టీ తెప్పించండి. అందులో మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా పిలవండి. పలకనివాడు ఏ చెరువు గట్టు మీదున్నాడో, పలకని అమ్మాయి ఏ ఊరికి కాపరానికి వెళ్లిందో కనుక్కోండి. ఇంకా చదవాలనుంటే ఓపెన్ స్కూలు ఉందని చెప్పండి, ఫారం నింపడానికి ఒకరు పక్కన కూర్చోండి. మా తాతల పేర్లు కాపలా కాయడానికి పిలిచారు. మా పిల్లల పేర్లు వెతకడానికి పిలవాలి.