తోబుట్టువుల తొలి అక్షరం

మన ఇళ్లకు వచ్చే బారసాల పిలుపులను కొన్నేళ్లపాటు దాచి, ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి కనబడుతుంది. పెద్దవాడి పేరు 'ర'తో మొదలైతే చిన్నదాని పేరూ 'ర'తోనే మొదలవుతుంది. మూడో బిడ్డ పుడితే ఆ బిడ్డకూ అదే అక్షరం కోసం వెతుకులాట. రమేశ్, రజని, రూప. లేదా దినేశ్, దివ్య, దీపక్. పేరుకు అర్థం ఏమిటన్నది తర్వాతి మాట, ముందు అక్షరం కుదరాలి. ఇది ఎప్పటి ఆచారమని మా హోసూరు వైపు బంధువులను అడిగితే, "పెద్దల కాలం నుంచీ ఉన్నదే కదా" అన్నారు. నాకు అనుమానం వచ్చి కాస్త వెనక్కు వెళ్లి చూశాను.

మొదట పంచాంగం చూద్దాం. నామకరణానికి నక్షత్రాక్షరాలు ఉన్నాయి. ఇరవైయేడు నక్షత్రాలు, ఒక్కొక్క దానికి నాలుగు పాదాలు, మొత్తం 108. పాదానికొక అక్షరం. అశ్వినికి చూ, చే, చో, లా. భరణికి లీ, లూ, లే, లో. ఇలా రేవతి దాకా. ఇందులో 'ర' ఎక్కడుంది? చిత్త మూడు, నాలుగు పాదాలకు రా, రీ. స్వాతి మొదటి మూడు పాదాలకు రూ, రే, రో. అంతే, 108లో ఐదు. చంద్రుడు ఆ ఐదు పాదాలు దాటడానికి సుమారు 30 గంటలు పడుతుంది. మళ్లీ అక్కడికి రావడానికి 27 రోజులు. అన్నకు 'ర' వచ్చి చెల్లెలికీ 'ర' రావాలంటే ఆ పిల్ల సరిగ్గా ఆ 30 గంటల్లోనే పుట్టాలి. ఇద్దరిదీ తులారాశే కావాలి. శాస్త్రం ప్రకారం పోతే ముగ్గురు బిడ్డలకు ఒకే అక్షరం రావడం లాటరీ తగిలినట్టే. అందుకే చాలా ఇళ్లలో నక్షత్రనామం చెవిలో చెప్పి, బియ్యంలో రాసే పేరు వేరే పెట్టుకుంటారు. (హస్తకు 'ణ', ఉత్తరాభాద్రకు 'ఝ' కూడా వస్తాయి. వాటితో పేరు ఎక్కడ తెచ్చేది? పురోహితులే ఏదో సర్దుతారు.)

పురాణాలకు వెళితే ఇంకా వినోదం. దశరథుని కొడుకులు నలుగురిలో ఒకరి తొలి అక్షరం ఇంకొకరికి లేదు. పాండవులు ఐదుగురూ అంతే. అక్షరం కలిపి పెట్టుకున్నది ధృతరాష్ట్రుని ఇల్లు. దుర్యోధనుడు, దుశ్శాసనుడు, దుస్సహుడు, దుర్ముఖుడు, వాళ్ల చెల్లెలు దుస్సల. నూరుగురికీ కుదరలేదు గాని, వికర్ణుని వంటి వారిని వదిలేస్తే ప్రయత్నం గట్టిదే. హిరణ్యాక్ష హిరణ్యకశిపులది ఇంకొక ఇల్లు. మంచివాళ్లలో చూపాలంటే కాశీరాజు కూతుళ్లు అంబ, అంబిక, అంబాలిక ఉన్నారు. వాళ్లకు ఆ పేర్ల వల్ల కలిగిన మేలేమీ కనబడదు.

సరే, కథలు వదిలి చరిత్రకు వద్దాం. తమిళ దేశంలో మన భాష మాట్లాడిన దొరల పేర్లు మనకు తెలుసు. మదురలో ముద్దు కృష్ణప్ప నాయకుని కొడుకులు ముద్దు వీరప్ప, తిరుమల నాయకుడు. అన్నదమ్ములే, ఒకరి తర్వాత ఒకరు పాలించారు. పేర్లలో పోలిక లేదు. పోలిక ఉన్నది తాతకూ మనుమడికీ. 1659 నుంచి 1682 దాకా ఏలినది చొక్కనాథ నాయకుడు. ఆయన మనుమడు విజయరంగ చొక్కనాథుడు. ఆ ఇద్దరి మధ్య కొడుకు రంగకృష్ణ ముద్దు వీరప్ప వచ్చాడు, ఆయన పేరులోని వీరప్ప కూడా ముందు తరాలదే. పేరు నిలువుగా దిగేది, తాత నుంచి మనుమడికి. అడ్డంగా, అన్న నుంచి తమ్ముడికి, సాగేది కాదు. మన ఇళ్లలోనూ పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టే అలవాటు ఈ మధ్య దాకా ఉండేది.

అడ్డంగా కలిసేది దేవుని వల్ల. తిరుపతి మొక్కు ఉన్న ఇంట్లో పిల్లలందరికీ ముందు 'వెంకట' పడేది. మేము నలుగురం అన్నదమ్ములం, నలుగురికీ ఉంది. అది 'వ' మీద ప్రీతి కాదు, స్వామి మీద భక్తి. ఆ తర్వాత సినిమా కాలం వచ్చింది, పేరు తల నుంచి తోకకు మారింది. ఎన్.టి. రామారావు గారి కొడుకుల పేర్లన్నిటా 'కృష్ణ' ఉంది. కూతుళ్లకు లోకేశ్వరి, పురందేశ్వరి, భువనేశ్వరి, ఉమామహేశ్వరి. ఇది మన పద్యపు చెవి, ప్రాస వెతుక్కునే చెవి. సురేశ్, రమేశ్, నరేశ్, మహేశ్ అని ఇల్లంతా 'ఏశ్'తో నింపిన రోజులు నా వయసు వారందరికీ గుర్తే. అప్పటికీ తోకే కలిసేది, తొలి అక్షరం కాదు.

మరి తొలి అక్షరం ఎక్కడి నుంచి వచ్చింది? నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోని వారు ఒప్పుకోకపోవచ్చు. అది ఇంటిపేరు ఖాళీ చేసిన చోటికి వచ్చింది.

తెలుగువాడికి తోబుట్టువును పట్టిచ్చే గుర్తు ఇంటిపేరు. ఊళ్లు దాటి వచ్చినా దాన్ని మూట కట్టుకుని వచ్చిన వాళ్లున్నారు. విశ్వేశ్వరయ్య గారు పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లిలో. ఆయన 'ఎం' మాత్రం గిద్దలూరు వైపున్న మోక్షగుండం. కన్నడ దేశంలో పేరు ముందు ఊరి అక్షరం పెట్టుకునే అలవాటు ఉంది గనుక అక్కడ ఎవరికీ అది వింతగా తోచలేదు. రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలో పుట్టారు, ఆ ఊరు 1960లో మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లి. కుమారుడు చరిత్రకారుడు గోపాల్ కూడా సర్వేపల్లి గోపాలే. 1894లో బరంపురంలో పుట్టిన గిరి గారిది వరాహగిరి వారి ఇల్లు. బరంపురం 1936లో ఒరిస్సా అయింది, ఇంటిపేరు చెక్కు చెదరలేదు. మనకు దగ్గరి కాలంలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, చెల్లెలు ఎస్.పి. శైలజ, ఆయన కొడుకు ఎస్.పి. చరణ్. శ్రీపతి పండితారాధ్యుల వారు మదరాసులో ఎంతకాలం ఉన్నా ఆ రెండు అక్షరాలు అన్నకూ చెల్లెలికీ కొడుక్కీ ఒకటే. బాలు, శైలజ అనే పేర్లలో ఒక్క అక్షరం కలవకపోతేనేం, చూడగానే ఒక ఇంటివారని తెలుస్తుంది.

ఇంకొక పక్క కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు. 1893లో పుట్టిన ఆ యంత్రవేత్త పేరు విప్పితే గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 'జి' తండ్రి పేరు. ఇంటిపేరు అందులో లేదు. తమిళ దేశంలో మనవాళ్లలో ఎక్కువమంది ఈ దారినే వెళ్లారు. ముందు తండ్రి అక్షరం, వెనక నాయుడో రెడ్డియారో చెట్టియారో. 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహానాడు కులం తోకలు తీసేయమని పిలుపిచ్చింది, తర్వాతి తరాల్లో అవీ రాలిపోయాయి. ఆ రాలడం మంచిదే, దానికి నాకు చింత లేదు. కాని తోక పోగా ముందే తల లేని పేరు మిగిలింది. కె. రమేశ్. ఆ 'కె' తండ్రిది. రమేశ్ కొడుక్కి 'ఆర్' వస్తుంది. తాత ఇంటి గుర్తు రెండు తరాలకే చెరిగిపోతుంది. ఇంటిపేరు మాత్రం సంబంధం కుదిర్చేటప్పుడు ఒక్క పూట బయటికి వస్తుంది, మళ్లీ పెట్టెలోకి పోతుంది. ఇలాంటి ఇంట్లో తల్లిదండ్రులకు పిల్లలను ఒక దారానికి గుచ్చాలనిపిస్తే చేతిలో ఉన్నది ఆ పిల్లల సొంత పేర్లే. అందుకని రమేశ్‌కు తోడు రజని.

ఇందులో మెలిక ఏమిటంటే, ఆ అక్షరం ఏ భాషదో మనం అడగలేదు. శాంత, షణ్ముఖ, సీత ఇంగ్లీషు బడిలో మూడూ 'ఎస్'. తెలుగులో శ, ష, స వేరు వేరు. రాము, ఋషి ఇంగ్లీషులో ఒక్కటే, మనకు ఒకటి హల్లు, ఒకటి అచ్చు. తమిళానికి వస్తే ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకే అక్షరం. పద్మ, ఫణి, బాలాజీ, భానుమతి అని నలుగురికి నాలుగు రకాలుగా పెట్టినా తమిళ హాజరు పట్టీలో నలుగురూ ఒకే 'ప' కింద చేరతారు. తిరగబడేది కూడా ఉంది. తమిళ వ్యాకరణం ప్రకారం మాట మొదట 'ర' నిలవదు, ముందు ఒక అచ్చు రావాలి. పంతులు నిష్ఠగల వాడైతే రంగనాథుడు అరంగనాథన్ అవుతాడు, రాజేశ్వరి ఇరాజేశ్వరి, రూప ఉరూపా. ముగ్గురికీ ఏరి కోరి 'ర' పెట్టిన తండ్రికి చివరకు మిగిలేది అ, ఇ, ఉ. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. 2021 డిసెంబరులో పేరు ముందు అక్షరాలనూ తమిళంలోనే రాయాలని కార్యాలయాలకు, విద్యాలయాలకు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. కాబట్టి ఇది వట్టి వేళాకోళం కాదు.

చిక్కులు కూడా చిన్నవి కావు. మాకు తండ్రి ఒకరే, 'వెంకట' అందరిదీ. పేర్లు పొట్టి చేసి రాస్తే మా ఇద్దరు అన్నదమ్ముల అక్షరాలు అచ్చంగా ఒకటే. ఒక బ్యాంకు వారి ఉత్తరాలు పదేళ్లు నాకు రావలసినవి తమ్ముడికి వెళ్లాయి. ఇవి ఇంటి తిప్పలు. పాస్‌పోర్టు దగ్గర అసలు సంగతి బయటపడుతుంది. అక్కడ అక్షరం చాలదు, విప్పి రాయాలి. విప్పితే తండ్రి పేరు వంశనామం గడిలోకి వెళుతుంది. అన్నదమ్ములు ఇద్దరూ అమెరికా వెళ్లి స్థిరపడితే, వాళ్ల పిల్లల వంశనామాలు ఇద్దరు వేరు వేరు తండ్రుల పేర్లవుతాయి. అన్న పిల్లలూ తమ్ముడి పిల్లలూ కాగితం మీద ఏమీ కాని వాళ్లవుతారు. సోలాపూరు పద్మశాలీలకు ఈ బాధ లేదు. మరాఠీ పద్ధతిలో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు గనుక నేత కోసం వలస వచ్చిన ఇంటిపేరు ఇంకా అక్కడే ఉంది. ఫ్రెంచి పాలన కింద పుదుచ్చేరిలో 1881 శాసనం ప్రకారం సొంత ధర్మశాస్త్రాన్ని వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి వెళ్లినవారు వంశనామం ఒకటి కొత్తగా ఎంచుకోవలసి వచ్చింది. లేనివాళ్లు వెతికి తెచ్చుకున్నారు. మనం ఉన్నదాన్ని ఇంట్లో పెట్టుకుని రాయడం మానేశాం.

2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన బిడ్డకు బడికైనా పాస్‌పోర్టుకైనా జనన పత్రమే ఆధారం. అందులో ఏది రాస్తే అదే ముందుకు నడుస్తుంది. బిడ్డ పేరు ఆ పత్రంలో ఎక్కించడానికి ఏడాది వరకు రుసుము లేదు, ఆ పైన రుసుముతో పదిహేనేళ్ల దాకా వీలుంది. బారసాలకు పిలుపులు వేసేవారు తొలి అక్షరం ఎంచుకునే ముందు ఇంట్లో ముసలివాళ్లను ఇంటిపేరు ఎలా పలకాలో, ఎలా రాయాలో ఒకసారి అడిగి పెట్టుకోవచ్చు. మా వీధిలోనే రెండిళ్లలో అడిగాను. ఒక ఇంట్లో అవ్వకు తెలుసు, కొడుక్కి తెలియదు. రెండో ఇంట్లో అవ్వ నిరుడే పోయింది.